రైఫిల్ తూటాల రీలోడింగ్: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది హనుమకొండ. ఉద్యోగం కోసం వెళ్లి టెక్సాస్‌లో 16 ఏళ్లు ఉన్నాను. గ్రీన్‌కార్డు వచ్చాక అక్కడి షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన దగ్గర రీలోడింగ్ నేర్చుకుని, ఆరేడేళ్లు నా రైఫిల్‌కు నేనే తూటాలు కట్టుకున్నాను. ఇంటికి తిరిగొచ్చాక ఈ సంగతి తెలిసిన పిల్లలు తరచుగా అడుగుతున్నారు. కొందరు అమెరికా పోయేవాళ్లు, కొందరు అక్కడే ఉన్నవాళ్లు, ఇంకొందరు ఇక్కడే వరంగల్‌లో ఉండి వీడియోలు చూసి ఉత్సాహపడుతున్నవాళ్లు. ముగ్గురికీ జవాబు ఒకటి కాదు, అందుకే కూర్చుని అన్నీ ఒకచోట రాశాను. ఇందులో ఏ తూటాకు ఎంత పౌడర్ వేయాలో ఎక్కడా ఉండదు. ఎందుకు ఉండదో చదువుతుంటే తెలుస్తుంది.

రీలోడింగ్ అంటే అసలు ఏంటి?

మనం మాటల్లో మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం, పేపర్లో తూటా అని రాస్తారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట కనిపించే ఇత్తడి గొట్టం కేసు. దాని అడుగున మధ్యలో చిన్న బిళ్లలా ఉండేది ప్రైమర్, తుపాకీలోని సూది వచ్చి తగలగానే నిప్పు పుట్టించేది అదే. లోపల ఉండేది పౌడర్. ముందు మొనదేలి ఉండి తుపాకీ గొట్టంలోంచి బయటికి పోయేదే అసలు బుల్లెట్. పేల్చాక బుల్లెట్ పోతుంది, పౌడర్ కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది, ఖాళీ కేసు మాత్రం మిగులుతుంది. ఆ కేసును శుభ్రం చేసి, ఉబ్బిన దాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, తూచిన పౌడర్, కొత్త బుల్లెట్ పెట్టడమే రీలోడింగ్.

ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ పేల్చాం. ఆ కేసులను మళ్లీ నింపొచ్చా?

కుదరదు. పాయింట్ 22 తూటాలో ప్రైమర్ విడిగా ఉండదు, ఆ మందు కేసు అంచులోనే లోపల పూసి ఉంటుంది. సూది అంచును నొక్కి పాడుచేస్తుంది కాబట్టి అది ఒక్కసారి వాడేదే. రీలోడింగ్ అంతా ప్రైమర్ మధ్యలో ఉండే పెద్ద రైఫిల్ తూటాలకే.

నేనూ మొదటిసారి తుపాకీ పట్టింది ఎన్‌సీసీలోనే. ఫైరింగ్ అయ్యాక పడుకున్న చోటే వెతికి, పేల్చిన ప్రతి కేసునూ ఏరి, లెక్కపెట్టి అప్పగించాకే లేవనిచ్చేవాళ్లు. ఒక్క కేసు తక్కువైతే గడ్డి అంతా చేతులతో దువ్వేవాళ్లం. అప్పుడు చాదస్తం అనిపించింది. తర్వాత రీలోడింగ్ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ అలవాటే నన్ను కాపాడింది.

వరంగల్‌లో ఇంట్లో రీలోడింగ్ చేసుకోవచ్చా?

వద్దు, చేయకూడదు. ఇందులో మధ్యేమార్గం వెతకొద్దు. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 5 ప్రకారం తూటాలు తయారు చేయడానికి విడిగా లైసెన్స్ ఉండాలి. లేకుండా చేస్తే, 2019 సవరణ తర్వాత, కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ చట్టంలో 'అమ్యూనిషన్' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో తూటా భాగాలు, తూటా తయారుచేసే మెషీన్లు కూడా వస్తాయి. అంటే నిండు తూటా చేయకపోయినా, ప్రైమర్లు, కేసులు, తూటాలు కట్టే ప్రెస్ మెషీన్ తెప్పించి అల్మారాలో పెట్టుకున్నా మీరు అదే చట్టం కిందికి వస్తారు. పౌడర్ సంగతికొస్తే పేలుడు పదార్థాల చట్టం, 1884 కూడా తోడవుతుంది.

ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, కొరియర్‌లో వస్తాయి కదా అని ఒక అబ్బాయి అడిగాడు. వస్తువు దొరికినంత మాత్రాన దాన్ని ఉంచుకునే హక్కు వచ్చినట్టు కాదు తమ్ముడూ.

మా తాత పేరు మీద లైసెన్స్ ఉన్న 12 బోర్ ఉంది. అయినా కుదరదా?

కుదరదు. తుపాకీ లైసెన్స్ అంటే ఆ తుపాకీని, లైసెన్స్‌లో రాసినన్ని తూటాలను దగ్గర ఉంచుకునే అనుమతి మాత్రమే. తయారీకి అది వర్తించదు. తూటాలు లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే కొనాలి, కొన్నవి లైసెన్స్ పుస్తకంలో ఎక్కాలి. ఇంకోటి, ఆ లైసెన్స్ తాతగారిది, మీది కాదు. ఆయన కాలం చేస్తే తుపాకీని గుట్టుగా బీరువాలో ఉంచేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, వారసులు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. మామూలు జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్ దాన్ని చూస్తారు.

ములుగు, భూపాలపల్లి వైపు నాటు తుపాకీలో మందు కూరి పేలుస్తారు కదా, ఇదీ అలాంటిదే కదా?

కాదు. నాటు తుపాకీలో గొట్టం మూతి నుంచి నల్లమందు కూరతారు. ఇప్పటి రైఫిల్ తూటాల్లో ఉండేది పొగ తక్కువ వచ్చే స్మోక్‌లెస్ పౌడర్, దాని గుణమే వేరు, పుట్టించే ఒత్తిడే వేరు. ఒకదాని లెక్కను ఇంకొకదానికి వాడితే గొట్టం చీలి మొహం మీదికే వస్తుంది. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవాలన్న రైతు బాధ నాకు అర్థమవుతుంది, మక్కచేను ఒక్క రాత్రిలో పోతే ఎట్లుంటదో మా ఇంట్లోనూ చూశాం. అయినా లైసెన్స్ లేని నాటు తుపాకీ నేరమే, పైగా అది ముందు కాల్చేది పట్టుకున్నవాడి చేతినే.

చెరువు పూడిక తీస్తుంటే, పాడుబడ్డ బావిలో, అడవిలో పాత తూటాలు కనిపిస్తే?

ముట్టుకోకండి. మన వైపు ఈ ప్రశ్న ఉత్తుత్తిది కాదు, ఒకప్పుడు దాచిన ఆయుధాల డంపులు ఇంకా బయటపడే ప్రాంతం ఇది. తూటాల పక్కన ఇంకేం పాతి ఉందో మీకు తెలియదు. ఆ చోటు గుర్తుపెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపి, 100కో 112కో ఫోన్ చేయండి. ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. ఇత్తడి బరువుంటుందని పాత సామాన్ల వాళ్లకు వేయడం, సుత్తితో కొట్టి చూడడం, పొయ్యిలో వేయడం అసలే వద్దు.

నేను ఎఫ్-1 వీసా మీద అమెరికాలో ఉన్నాను. ఫ్రెండ్ దగ్గర నేర్చుకోవచ్చా?

ఈ ఒక్క జవాబు కోసమైనా మీ వాళ్లందరికీ ఈ పేజీ పంపండి. అమెరికాలో తుపాకులు అందరికీ దొరుకుతాయని మన పిల్లలు అనుకుంటారు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండడం వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో రూమ్మేట్ చెబితే నమ్మకండి, లాయర్‌ను అడగండి. తేడా వస్తే జైలుతో పోదు, వీసా పోతుంది, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టలేకపోవచ్చు. ఇంటి మీద అప్పు తెచ్చి పంపిన అమ్మానాన్నల్ని ఒకసారి తలచుకోండి.

అర్హత ఉన్నవాళ్లు సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. రాష్ట్రాల రూల్స్ వేరువేరుగా ఉంటాయి, ఊరు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోండి.

ఇక్కడి నుంచి రాసేదంతా చట్టం ఒప్పుకునే చోట ఉండి, అర్హత ఉన్నవాళ్లకే.

పైసలు మిగులుతాయా?

మొదట్లో మిగలవు. సామాను ఖర్చు తిరిగి రావడానికే ఏళ్లు పడుతుంది, తర్వాత కూడా చౌకగా పడుతుంది కదా అని ఎక్కువ పేలుస్తారు. ఒకే రైఫిల్‌కు సరిగ్గా కుదిరే తూటా చేసుకుని, గురి ఒకేలా రావడం కోసం చేస్తారు చాలామంది. నాకైతే ఆ పని చేస్తున్నంతసేపు మనసు వేరే ఎక్కడికీ పోకపోవడమే ఇష్టం. పొదుపు కోసమే అయితే వద్దనే చెబుతాను, ఎందుకంటే పొదుపు చూసేవాడికి అనుమానం వచ్చిన తూటాను పారేయడానికి చేతులు రావు.

ఎలా మొదలుపెట్టాలి?

సామాను కొనకముందు మనిషిని వెతకండి. రేంజ్‌లో పదేళ్లుగా రీలోడ్ చేస్తున్నవాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్ల బల్ల పక్కన నాలుగైదు సార్లు చేతులు కట్టుకుని కూర్చుని చూడండి.

మా మేనమామ గోదావరిఖనిలో సింగరేణి షాట్‌ఫైరర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. బొగ్గు గనిలో మందు పేల్చే పని అది, సర్టిఫికెట్ ఉంటేనే చేయనిస్తారు. నేను ఫోన్‌లో రీలోడింగ్ మొదలుపెట్టానని చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "మందు, డిటోనేటరు ఒక్కదగ్గర పెడ్తున్నవా?" అని. గనిలో ఆ రెండూ ఎప్పుడూ వేరువేరు పెట్టెల్లోనే పోతాయి. నా పౌడర్ డబ్బా, ప్రైమర్ల అట్టపెట్టె ఆ రోజు ఒకే అరలో ఉన్నాయి. ఫోన్ పెట్టేసి ముందు వాటిని విడదీశాను. తూటా ఎప్పుడూ చేయని మనిషి, 8 వేల మైళ్ల అవతల నుంచి తప్పు పట్టేశాడు.

ఆ తర్వాత ఒకే సైజు తూటా, ఒకే రైఫిల్, ఒకే పౌడర్, ఒకే బుల్లెట్‌తో మొదలుపెట్టండి. ఏడాది పాటు అదే చేయండి.

ఏ సామాను కావాలి?

ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు. లివర్ ఒకసారి లాగితే నాలుగైదు పనులు అయ్యే ప్రోగ్రెసివ్ ప్రెస్ కొత్తవాళ్లకు వద్దు, ఏ దశలో తప్పు జరిగిందో కూడా తెలియదు. కేసును కొలతకు తెచ్చి బుల్లెట్‌ను ఎక్కించే, మీ తూటా సైజుకు తగ్గ అచ్చులు (డైలు), కేసును ప్రెస్‌లో పట్టి ఉంచే షెల్ హోల్డర్, పౌడర్ తూచే కాటా, పొడవు కొలిచే కాలిపర్, కేసు పొడవు కత్తిరించే ట్రిమ్మర్, కేసులు నిలబెట్టే చిల్లుల బల్ల, తప్పు చేసిన తూటాను విప్పే బుల్లెట్ పుల్లర్, కళ్లద్దాలు. కొందరు పుల్లర్ తర్వాత కొందామనుకుంటారు. అది మొదటి రోజే ఉండాలి, విప్పే సాధనం లేకపోతే తప్పు తూటాను పేల్చి వదిలించుకుందాం అనే బుద్ధి పుడుతుంది.

కాటాకు తోడు చెక్ వెయిట్లు కొనండి. కంసాలి తూచే ముందు కాటాను సున్నాకు తెచ్చి చూస్తాడు కదా, అలా కూర్చున్న ప్రతిసారీ తెలిసిన బరువు పెట్టి చూడాలి. పౌడర్‌ను గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే కొన్ని సన్నబియ్యం గింజల బరువు. అంత చిన్న తేడాలతో ఆట ఇది. ఫ్యాను గాలికి కూడా కాటా కదులుతుంది, ఫ్యాను ఆపేయండి.

పౌడర్ అంటే అంత భయపడాలా?

భయం కాదు, లెక్క కావాలి. స్మోక్‌లెస్ పౌడర్ బయట నిప్పంటుకుంటే భగ్గున మండుతుంది. కానీ మూసిన కేసులో, గొట్టంలో మండితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగిన కొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది దాదాపు 15 పి.ఎస్.ఐ. దగ్గర, అంటే చదరపు అంగుళం మీద 15 పౌండ్ల ఒత్తిడి. పాయింట్ 308 విన్‌చెస్టర్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి 62,000 పి.ఎస్.ఐ. పేల్చేటప్పుడు అది మీ చెంపకు జానెడు దూరంలో ఉంటుంది, దానికి సేఫ్టీ వాల్వ్ లేదు.

ఇంకో పెద్ద ఉచ్చు పేర్లు. హెచ్ 4831, ఐఎంఆర్ 4831 రెండూ వేరువేరు పౌడర్లు, అంకె ఒక్కటే. విత్తనాల దుకాణంలో ఒకేలాంటి పేరున్న రెండు కంపెనీల ప్యాకెట్లను కలగలిపితే పంట పోతుంది, ఇక్కడ చేయి పోతుంది. డబ్బా మీద పేరు మొత్తం, అక్షరాలతో సహా, పైకి చదవండి. బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. పని అయ్యాక పౌడర్ పోసే మెషీన్ గొట్టంలో మిగిలిన పౌడర్‌ను అదే రోజు అదే డబ్బాలో పోసేయాలి. రాత్రంతా అలాగే వదిలేస్తే మర్నాడు అది ఏ పౌడరో మీకు గ్యారంటీ లేదు. ఏదో తెలియని పౌడర్ ఎంత ఖరీదైనదైనా వాడకూడదు, చూపుతో ఏ పౌడరో ఎవరూ చెప్పలేరు.

ఎంత పౌడర్ వేయాలో మీరే చెప్పొచ్చు కదా అన్నా?

చెప్పను. నా రైఫిల్‌కు సరిపోయింది మీ రైఫిల్‌కు ఎక్కువ కావచ్చు. పౌడర్ కంపెనీలు, బుల్లెట్ కంపెనీలు పరీక్షించి అచ్చేసిన పట్టికలు ఉంటాయి, వాటిలో కింది లెక్క, పై లెక్క రెండూ ఇస్తారు. కింది దగ్గరే మొదలుపెట్టాలి. కింది లెక్క ఇవ్వని చోట పై లెక్క నుంచి 10 శాతం తగ్గించి మొదలుపెట్టడం అక్కడి ఆనవాయితీ. రెండు పట్టికలు వేరువేరుగా చెబితే తక్కువ దాన్నే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చింది, వీడియో కింద ఎవరో రాసింది లెక్కలోకి రాదు, ఒక్క అంకె తప్పు టైపు చేసినా రాసినవాడికి ఏం కాదు.

ప్రైమర్ కంపెనీ మారినా, బుల్లెట్ బరువు మారినా, కేసు బ్రాండ్ మారినా మళ్లీ కింది నుంచే రండి. మిలిటరీ కేసుల గోడ మందంగా ఉంటుంది, లోపల చోటు తక్కువ, అదే పౌడర్‌కు ఒత్తిడి ఎక్కువ వస్తుంది. బుల్లెట్‌ను లోపలికి ఎంత నొక్కారు, తూటా మొత్తం పొడవు ఎంత అన్నది కూడా పట్టిక ప్రకారమే ఉండాలి.

అయితే పట్టికలో ఉన్నదానికంటే తక్కువ వేస్తే ఇంకా సేఫ్ కదా?

కాదు, ఇది చాలామంది పొరపాటు పడే చోటు. మరీ తక్కువైతే బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుపోవచ్చు. నిదానంగా మండే పౌడర్‌ను పెద్ద కేసులో బాగా తగ్గించి వేస్తే ఉన్నట్టుండి ఒత్తిడి ఎగిసిన సందర్భాలూ ఉన్నాయి. కింది గీతకు కింద, పై గీతకు పైన, రెండు వైపులా పోవద్దు.

కేసుల్లో ఏం చూడాలి?

ఇక్కడ ఓపిక ఉన్నవాళ్లే నిలుస్తారు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనేవాళ్లు బోరెంలోకి చేయి పెట్టి తీసి, తేమ మీటర్ పెట్టి, 8 శాతమా 12 శాతమా అని చూసి గానీ ధర చెప్పరు. అంత పట్టుదలగా ఒక్కో కేసును వెలుతురులో తిప్పి చూడాలి. మెడ దగ్గర చీలిక ఉందా, గుంతలున్నాయా, ప్రైమర్ గూడు వదులైందా. అన్నిటికంటే ముఖ్యం, అడుగుకు కొంచెం పైన చుట్టూ మెరిసే గీత. అక్కడ లోపల ఇత్తడి పలచబడిందని అర్థం, ఈసారి పేల్చితే కేసు రెండు ముక్కలవుతుంది, వేడి గాలి వెనక్కి కొడుతుంది. పేపర్ క్లిప్‌ను తిన్నగా చేసి, కొన కాస్త వంచి, కేసు లోపలి గోడ మీద కింది నుంచి పైకి గీయండి. పలచబడిన చోట ఆ కొన గుంతలో పడ్డట్టు తగులుతుంది. తగిలిందా, చెత్తలో వేసే ముందు మూతిని ప్లయర్‌తో నలిపేయండి, ఎవరూ మళ్లీ వాడకుండా.

పేల్చిన కొద్దీ కేసు పొడవు సాగుతుంది. పాయింట్ 308కి గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, అంటే 51.2 మిల్లీమీటర్లు. దాటితే కత్తిరించాలి, లేకపోతే మూతి గొట్టంలో నొక్కుకుపోయి బుల్లెట్‌ను వదలదు, ఒత్తిడి పెరుగుతుంది.

ప్రైమర్ల సంగతి?

నాలుగింటిలో సున్నితమైనది అదే. కంపెనీ అట్టపెట్టెలోనే ఉంచండి, సీసాలో, డబ్బాలో గుమ్మరించొద్దు. ఒకదానికి ఒకటి తగిలేలా పోసి పెడితే ఒకటి పేలి అన్నీ పేలతాయి. బలంగా కొట్టి ఎక్కించకూడదు, మెల్లగా నొక్కాలి, ఎక్కాక కేసు అడుగుకు సమంగానో కొంచెం లోపలికో ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే ఆ తూటా పక్కన పెట్టండి. కళ్లద్దాలు ఇక్కడ మరీ ముఖ్యం.

ఒకే కేసులో రెండుసార్లు పౌడర్ పడితే?

పెద్ద రైఫిల్ కేసుల్లో చాలావరకు రెండోసారికి పొంగిపోయి కనిపిస్తుంది, కానీ తక్కువ పౌడర్ పట్టే వాటిలో కనిపించదు. అందుకే పౌడర్ పోసిన కేసులన్నిటినీ చిల్లుల బల్లలో నిలబెట్టి, టార్చి వేసి, వరుసగా లోపలికి చూడాలి. అన్నిటిలో ఒకే ఎత్తు ఉందా? ఆ తర్వాతే బుల్లెట్ పెట్టాలి.

ఒక ఆదివారం ఉదయం నేను 50 కేసులకు పౌడర్ పోస్తుంటే ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. సద్దుల బతుకమ్మ రోజు, వేయిస్తంభాల గుడి దగ్గర ఎంత జనం ఉన్నారో చెబుతూ ఇరవై నిమిషాలు మాట్లాడింది. తిరిగొచ్చి కూర్చుంటే ఏ కేసు దగ్గర ఆగానో గుర్తు రాలేదు. 31వదా, 32వదా? టార్చి వేసి చూస్తే సరిగ్గానే కనిపించింది, అయినా మనసు ఒప్పుకోలేదు. అన్నిటినీ డబ్బాలోకి వంచేసి, మొదటి నుంచి తూచాను. రెండు గంటలు పోయాయి. ఆ రోజు నుంచి ఫోన్ వేరే గదిలో పెట్టి, తలుపు వేసుకుని కూర్చునేవాణ్ని. అమ్మకు కూడా చెప్పాను, ఈ టైంలో ఎత్తకపోతే టెన్షన్ పడొద్దని.

పేల్చినప్పుడు శబ్దం తేడాగా వస్తే?

టప్ అని మెత్తగా వచ్చిందంటే బుల్లెట్ గొట్టంలోనే ఉండొచ్చు. వెంటనే ఆగిపోండి. ఇంకొకటి పేల్చారంటే గొట్టం పగులుతుంది. అసలు పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. ఆ తర్వాత గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ తెరిచి, తూటా తీసేసి, గొట్టంలో ఏమీ అడ్డం లేదని చూసుకున్నాకే ఇంకో తూటా.

బోల్ట్ ఎత్తడం బరువైందా, ప్రైమర్ పూర్తిగా చదునైందా, కేసు అడుగున మెరిసే ముద్ర పడిందా, ఇవన్నీ ఒత్తిడి ఎక్కువైందన్న గుర్తులు. మిగిలిన తూటాలను ఇంటికి తీసుకెళ్లి విప్పండి. ఈ గుర్తులు లేకపోయినా అంతా బాగున్నట్టు కాదు, కొన్నిసార్లు ఏ గుర్తూ లేకుండానే హద్దు దాటుతుంది. అందుకే పట్టిక.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ప్రమాదమా?

తాళం సంగతి అందరికీ తెలుసు. తెలియనిది సీసం. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, పేల్చిన కేసులను శుభ్రం చేసేటప్పుడు ఆ దుమ్ము చేతులకు, బట్టలకు, ఊపిరికి పడుతుంది. పిల్లల మెదడుకు, గర్భిణులకు అది విషం. బల్ల దగ్గర చాయ్, సకినాలు ఏమీ వద్దు, సిగరెట్ అసలే వద్దు. పని అయ్యాక చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు కడగండి, చొక్కా మార్చాకే బిడ్డను ఎత్తుకోండి. కేసులను వంటింటి సింకులో కడగొద్దు. ఎండుగా తిప్పి రుద్దే మెషీన్ కంటే నీళ్లలో తిప్పేది మేలు, దుమ్ము లేవదు.

పౌడర్ ఎక్కడ దాచాలి?

దాని డబ్బాలోనే, చల్లగా, పొడిగా, ప్రైమర్లకు దూరంగా. రామగుండం ఎండ ఎరిగినవాళ్లకు టెక్సాస్ ఎండ కొత్త కాదు, కారు డిక్కీలో, గ్యారేజీలో ఉంచొద్దు. మూత తీస్తే ఘాటైన పులుపు వాసన, ఎర్రటి దుమ్ము కనిపిస్తే ఆ పౌడర్ చెడిపోయింది. అలాంటిదాన్ని ఎలా వదిలించుకోవాలో కంపెనీని, ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ను అడగండి. గాలి చొరబడని ఇనుప పెట్టెలో బిగించి పెట్టకండి, నిప్పంటుకుంటే అదే బాంబు అవుతుంది.

చేసిన తూటాల డబ్బా మీద తేదీ, పౌడర్, బరువు, బుల్లెట్, ప్రైమర్, ఏ రైఫిల్ కోసమో రాసి అంటించండి. పేరు రాయని డబ్బా దొరికితే విప్పేయండి.

నేను వరంగల్‌లోనే ఉంటాను. మరి నాకు దారి లేదా?

ఉంది, మంచి దారి ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, 20 జౌల్స్ దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఇచ్చి డీలర్ దగ్గర కొనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఇదే ఆటలో. కాలేజీలో ఉంటే ఎన్‌సీసీలో చేరండి. గురి, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు, ప్రతిసారీ ఒకేలా చేయడం, ఇవన్నీ పెల్లెట్‌తోనే వస్తాయి. రీలోడింగ్ మీద ఉన్న ఆసక్తిని కొలతల వైపు తిప్పండి. పెల్లెట్లను తూచి, బరువు వారీగా వేరుచేసి, ఏ గుంపు ఎక్కడ పడుతుందో నోటుబుక్కులో రాసుకునే షూటర్లు ఉన్నారు. తూచే ఓపిక, రాసే అలవాటు అక్కడే మొదలవుతాయి. దాన్ని కూడా ఇంటి మేడ మీద కాకుండా, వెనక గట్టి అడ్డు ఉన్న చోటే పేల్చండి, పెల్లెట్‌కు కన్ను పోతుంది.

సెలవులకు ఇంటికి వస్తూ గుర్తుగా ఒక ఖాళీ కేసు తెచ్చుకోవచ్చా?

వద్దు. కీచైన్‌గా చేసినదైనా వద్దు. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి వాడడం ఇంకా పెద్ద తప్పు, ఎప్పుడో జేబు మూలకు జారిన ఒక్క తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రేలో బయటపడితే పెళ్లికి వచ్చినవాళ్లు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. రేంజ్‌కు ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, దాన్ని ఇల్లు దాటనీయకండి. బయలుదేరే ముందు రోజు సూట్‌కేసు, భుజం బ్యాగు, జాకెట్ జేబులు అన్నీ తిరగేసి, దుప్పటి మీద దులిపి చూసుకోండి.